విశాఖ యుద్ధ చరిత్ర యాత్ర: చూపించినంతసేపూ బాగుంది

ఆదివారం ఉదయం పాతనగరంలో మొదలై మధ్యాహ్నం దాటాక బీచ్ రోడ్డులో ముగిసే యుద్ధ చరిత్ర యాత్ర ఒకటి విశాఖపట్నంలో కొంతకాలంగా నడుస్తోంది. నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన, చరిత్రలో ఎం.ఏ. చేసిన ఒక యువతి కలిసి దీన్ని నిర్వహిస్తున్నారు. మనిషికి 700 రూపాయలు తీసుకుంటారు. పిల్లలకు అందులో సగం. ఆ డబ్బులో వ్యాన్ ప్రయాణం, మంచినీళ్ళు, ఒక చిన్న పుస్తకం కలిసి ఉంటాయి గానీ మ్యూజియంల టికెట్లు, ఫలహారం ఎవరివి వారే చూసుకోవాలి. ఇద్దరు మనుషులు సొంత కష్టంతో నడుపుతున్న ప్రయత్నం గనుక, మెచ్చుకోలుతో పాటు విమర్శ కూడా రాయవలసి వస్తున్నది గనుక, పేరు చెప్పడం లేదు.

పాఠ్యపుస్తకాలు చెప్పని, పత్రికలు రాయని, విశ్వవిద్యాలయాలు పట్టించుకోని విశాఖ యుద్ధ చరిత్రను కళ్ళకు కట్టిస్తామన్నది వారి ప్రకటన. నన్ను ఈ యాత్రకు రప్పించింది ఆ మాటే. నేను సంప్రదాయ భావాలున్నవాడిని; సైనికుడి మీద గౌరవం, దేశం గెలిచిన యుద్ధం మీద అభిమానం ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూ దాచుకోవలసిన సంగతులు కావని నమ్ముతాను. పత్రికల మీద, విశ్వవిద్యాలయాల మీద నిర్వాహకులకున్న ఫిర్యాదులో చాలా భాగం నాకూ ఉంది. అయినా ఈ సమీక్షలో నేను వారిని తప్పుపట్టబోయేది సరిగ్గా ఆ రెండు విషయాల దగ్గరే. చూపించవలసినది చూపించినంతసేపూ ఈ యాత్ర ఇచ్చిన డబ్బుకు రెట్టింపు విలువ చేస్తుంది. చూపించడం ఆపి దెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా దాని బలం సగానికి పడిపోతుంది.

మొదటి భాగం ఆ యువతిది. పాతనగరంలో రాస్ హిల్ ఎక్కించి, ఓడరేవు ముఖద్వారమూ దానికి అటువైపు డాల్ఫిన్స్ నోస్ కొండా ఒకే చూపులో కనబడే చోట నిలబెట్టి, ఆమె 1942 ఏప్రిల్ 6ను చెప్పడం మొదలుపెడుతుంది. అప్పటికి జపాన్ బర్మాలో ముందుకు చొచ్చుకువస్తోంది. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాను నౌకాదళంలో పెద్ద భాగం నగుమో నాయకత్వంలో సింహళం మీదికి వెళ్ళగా, ఒజావా నాయకత్వంలోని రెండో భాగం ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌకను వెంటబెట్టుకుని మన తూర్పు తీరంలో సరుకు ఓడల వేటకు దిగింది. ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు ఆ వేటలో మునిగిపోయాయి. ఏప్రిల్ 6న ఆ విమానాలే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం పెద్దది కాకపోయినా ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకు బయలుదేరింది.

ఈ భాగం ఎందుకు బాగుందంటే, ఆమె ఆ రోజును ఒంటరి సంఘటనగా వదిలిపెట్టలేదు. ఓడరేవు పెద్ద నౌకలకు తెరుచుకుని అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా కాలేదని, 1933 నాటి ఆ రేవు వల్లనే ఈ ఊరు శత్రువు పటంలో గుర్తుపెట్టవలసిన చోటైందని చెప్పింది. సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ 1941 జూన్ 21న శంకుస్థాపన చేసిన సంగతి, పది నెలలైనా తిరగకుండా బాంబులు పడటంతో ఆ పని కుంటుపడిన సంగతి, చివరకు అక్కడ కట్టిన తొలి ఓడ జల ఉషను స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చిలో నెహ్రూ నీటిలోకి దింపిన సంగతి ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ వచ్చింది. ప్రతి విషయానికీ ఆమె సంచిలోంచి ఒక కాగితం బయటికి వస్తుంది: పాత పటం నకలో, అప్పటి ఫొటోనో, పత్రిక కత్తిరింపో. వాటిని చేతికిచ్చి చూడమంటుంది, వెంటనే లాక్కోదు. తన అభిప్రాయం ఏమిటో ఆ గంటసేపట్లో ఎక్కడా బయటపెట్టలేదు గానీ, యుద్ధం అంటే ఎక్కడో సరిహద్దులో జరిగేది అనుకునే మనిషిని అది తన వీధిలోకి వచ్చిన రోజు దగ్గర నిలబెట్టింది. దేశరక్షణ గురించి వందసార్లు ఉపన్యసించినా రాని ఎరుక, ఆ కొండ మీద నిలబడి రేవు వంక చూసినప్పుడు వస్తుంది.

అక్కడినుంచి వ్యాన్ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు వస్తుంది. 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకు చేరిన ఈ విశ్వవిద్యాలయాన్ని యుద్ధకాలంలో గుంటూరుకు తరలించారని, ప్రాంగణం సైన్యం చేతికి వెళ్ళిందని, యుద్ధం ముగిశాకనే చదువులు తిరిగి వాల్తేరుకు వచ్చాయని నగరంలో చదువుకున్నవారిలోనే ఎందరికి తెలుసు? కట్టమంచి రామలింగారెడ్డిగారు అప్పుడు ఉపకులపతి. 1930లో బ్రిటిష్ ప్రభుత్వపు అణచివేతకు నిరసనగా అదే పదవిని వదులుకుని, 1936లో రాధాకృష్ణన్ గారి తరువాత మళ్ళీ చేపట్టిన మనిషి ఆయన. రాజకీయాలు ఈ ప్రాంగణానికి నిన్నమొన్న వచ్చినవి కావనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు. యాత్రలో ఈ భాగానికి ఇంకా ఎక్కువ సమయం ఇచ్చి ఉండవలసింది.

కానీ ఇక్కడే మాట పెద్దాయన చేతికి మారుతుంది. మారిన కాసేపటికే విశ్వవిద్యాలయం చరిత్ర పక్కకు తప్పుకుని విశ్వవిద్యాలయాల మీద కోపం ముందుకు వస్తుంది. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: మన క్యాంపస్‌లలో సైన్యాన్ని పొగిడితే వెనుకబడినవాడంటారు, యుద్ధ చరిత్ర చదువుతానంటే యుద్ధోన్మాది అంటారు, ఊరేగింపులో నినాదం ఇచ్చినవాడు మేధావి అవుతాడు, ఎన్‌సీసీ దుస్తుల్లో నడిచినవాడు ఎవరికీ కనబడడు. 2017 జులైలో ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కార్గిల్ విజయదినం సందర్భంగా అప్పటి ఉపకులపతి, మన తెలుగువారైన జగదీశ్ కుమార్ గారు ప్రాంగణంలో ఒక యుద్ధ ట్యాంకు పెట్టుకోవాలనుందని మంత్రులను అడిగితే దేశమంతా ఎంత గోల చేశారో ఆయన ఉదహరించారు.

నిజానికి ఆ గోల గురించి నాకూ ఆయనకూ తేడా లేదు. సైన్యాన్ని తలుచుకోవడమే నేరమైనట్టు అప్పుడు కొందరు రాసిన రాతలు నాకు గుర్తున్నాయి. అయితే ట్యాంకు అడగడం వల్ల మనకు ఒరిగిందేమిటన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ప్రాంగణంలో ఉక్కు ముద్ద ఒకటి నిలబెడితే విద్యార్థి దాని పక్కన ఫొటో దిగి వెళ్ళిపోతాడు. పాకిస్తానుతో జరిగిన 1971 యుద్ధం మీద ఒక మంచి పాఠ్యాంశం, దానికో పరీక్ష, చదవడానికి పదిహేను పుస్తకాల వరుస, నౌకాదళం నుంచి వచ్చి మాట్లాడే ఒక అధికారి, ఆయనను నిలదీసే విద్యార్థులు: సంప్రదాయవాదులు అడగవలసింది ఇవి. తూర్పు నౌకాదళ కేంద్రస్థానం ఉన్న నగరంలో ఇలాంటి కోరిక ఎంత సహజమో, అంత గట్టిగా ఎవరూ అడగకపోవడం అంత వింత. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాలకు ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. వాదనను నలుగురి ముందు నిలబెట్టి నెగ్గించుకునే అలవాటు ఏ పక్షం విద్యార్థులకూ మిగలలేదు. మిగిలినవి గోడల మీది పోస్టర్లు, ధర్నాలు, వాటికి పోటీ ధర్నాలు.

పెద్దాయన చెప్పగలిగి ఉండీ చెప్పని ఉదాహరణ ఒకటుంది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు ఈ ఊళ్ళోనే జరిగాయి. విశాఖ విద్యార్థుల పేరుతో రచయితలను నిలదీస్తూ అప్పుడొక కరపత్రం వెలువడింది. ఆ కదలికే కొద్ది నెలల్లో విప్లవ రచయితల సంఘం పుట్టుకకు దారితీసింది. ఆ కరపత్రం గురించి మన సాహిత్య చరిత్రల్లో, సెమినార్లలో, సంస్మరణ సంచికల్లో ఎంత రాశారో లెక్కలేదు, రాయవలసిందే కూడా. దానికి రెండేళ్ళు నిండకుండా అదే ఊరి తీరంలో కిటికీ అద్దాలు అదిరిపోయేంత పేలుడుతో ఒక శత్రు జలాంతర్గామి మునిగిపోయింది. ఆ రాత్రి గురించి తెలుగు కథ ఎంత, తెలుగు పరిశోధన ఎంత అని వెతికితే చేతికి దొరికేది బహు తక్కువ. ఏది జ్ఞాపకం ఉంచుకోవాలో ఎంచుకోవడంలోనే క్యాంపస్ పక్షపాతం తెలుస్తుందని నేనంటాను. ఇది కోపం లేకుండా చెప్పగలిగిన మాట. విన్నవాడు ఇంటికి వెళ్ళి సరిచూసుకోగలిగిన మాట కూడా.

బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర యాత్ర మళ్ళీ పుంజుకుంటుంది. 1971లో తూర్పు నౌకాదళం పోషించిన పాత్రకు గుర్తుగా 1996లో కట్టిన ఈ స్మారకం ముందు నుంచి రోజూ వేలమంది వాహ్యాళికి నడిచిపోతుంటారు. దాని ముందు నిలబడి, ఈ తీరంలో మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ కథ చెప్పేటప్పుడు పెద్దాయన వేరే మనిషి. నావికుడి కంఠం, నావికుడి వివరం. ఘాజీ మొదట అమెరికా జలాంతర్గామి డియాబ్లో అని, రెండో ప్రపంచ యుద్ధం చివరిలో నీటిలోకి దిగిందని, 1960ల తొలినాళ్ళలో పాకిస్తానుకు అద్దెకు ఇచ్చారని, కరాచీ నుంచి బయలుదేరి శ్రీలంకను చుట్టి బంగాళాఖాతం దాకా రాగల సత్తా ఆ దేశపు జలాంతర్గాముల్లో దానికొక్కదానికే ఉండేదని చెప్పి, అందుకే 1971 నవంబరు 14న మన విమాన వాహక నౌక విక్రాంత్ వేటకు దానినే పంపారని వివరించారు.

ఆ తరువాతది అసలైన కథ. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపించి, అది విశాఖలోనే ఉన్నట్టు నాటకం నడిపించారు. పాతబడి పక్కన పెట్టబోతున్న రాజ్‌పుత్ అనే నౌక విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపింది. విమాన వాహక నౌక సిబ్బందికి సరిపోయేంత రేషన్ సరుకులకు ఊళ్ళో పురమాయింపులు వెళ్ళాయి. జబ్బుపడ్డ తల్లి యోగక్షేమాలు అడుగుతూ విక్రాంత్ నావికుడు పంపినట్టు మామూలు తంతి కూడా ఒకటి కొట్టించారు. బజారులో సరుకులు తూచిన వర్తకుడికి తాను యుద్ధంలో భాగమన్న సంగతి తెలియదు. డిసెంబరు 3 అర్ధరాత్రికి కొద్దిగా ముందు రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వచ్చి, నీటిలో కదలిక కనబడిన చోట రెండు డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతున పేలే బాంబులు, వదిలింది. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. తెల్లవారాక జాలర్లకు నీటి మీద తేలుతున్న వస్తువులు దొరికాయి. ఆ జలాంతర్గామిలోని 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బయటపడలేదు.

కథ ఇక్కడికి రాగానే ఆయన టోపీ తీసి, వాళ్ళూ నావికులేనండి, అని ఒక్క మాట అన్నారు. 2024 ఫిబ్రవరిలో మన నౌకాదళం ఘాజీ శకలాలున్న చోటును కొత్త పరికరాలతో గుర్తించిందని వచ్చిన వార్తలను ప్రస్తావించి, వాటిని ముట్టుకోకపోవడమే సముద్రం మీది ఆచారమన్నారు. అప్పట్లో ఘాజీ దగ్గరికి గజ ఈతగాళ్ళను దింపిన నిస్తార్ నౌక పేరుతోనే, మన హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన కొత్త నౌక 2025 జులైలో దళంలో చేరిన సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనబడ్డ గర్వం కోసమైనా ఈ యాత్రకు రావచ్చు.

సరిగ్గా అప్పుడే, క్యాంపస్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మర్యాదగానే అడిగాడు: "సార్, ఘాజీ దాని మందుపాతరలే పేలి మునిగిపోయిందని కూడా చదివాను. అందులో నిజమెంత?"

"మన గెలుపు ఏదీ కిట్టనివాళ్ళు అలాగే రాస్తారు బాబూ. ఏ డిపార్ట్‌మెంట్ నీది?" అన్నారు పెద్దాయన. నలుగురూ నవ్వారు. కుర్రవాడు ఇంకేమీ అడగలేదు.

యాత్ర మొత్తానికి ఇదే అతి పెద్ద లోపం, దీనిని చిన్నదిగా తీసుకోలేను. ఘాజీ తనలోని పేలుడు వల్లనే మునిగిందన్నది పాకిస్తాను చెప్పే మాట నిజమే గానీ, ఆ మాట అన్నది వారొక్కరే కాదు. 1971లో మన తూర్పు సైనిక కమాండుకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉండి, ఢాకా లొంగుబాటుకు దారి తీసిన పథకంలో ప్రధాన పాత్ర వహించిన లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ కూడా ఘాజీది ప్రమాదమేనన్న కథనాన్ని తన జ్ఞాపకాల్లో రాశారు. ఆయనను మన గెలుపు కిట్టనివాళ్ళ జాబితాలో ఎవరు వేయగలరు? రాజ్‌పుత్ ముంచిందన్నది మన నౌకాదళం చెప్పిన మాట. డెప్త్ చార్జీల దెబ్బకు ఘాజీ తన మందుపాతరల మీదికే వెళ్ళి ఉండవచ్చన్న ఊహ మరొకటి. ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద వరుసగా రాసి కుర్రవాడి చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది.

పెట్టి, ఆ తరువాత అసలు వాదన చెప్పి ఉండవలసింది. ఏ కథనం నిజమైనా ఘాజీ విశాఖ ముందుకు వచ్చింది మనవాళ్ళు రప్పించారు గనుక. అది లేని నౌక కోసం వెతుకుతూ చచ్చింది. ఈలోగా విక్రాంత్ క్షేమంగా ఉండి, డిసెంబరు 4 నుంచే తన విమానాలను కాక్స్ బజార్ మీదికి, చిట్టగాంగ్ మీదికి పంపింది. తూర్పు పాకిస్తాను రేవులు మూసుకుపోయాయి. పన్నెండు రోజులకు ఢాకాలో లొంగుబాటు జరిగి, 93,000 మంది మన చేతికి చిక్కారు. ఘాజీ ఎలా మునిగిందన్న సందేహం ఆ గెలుపులో కృష్ణన్ వాటాను తగ్గించదు. ఇంత గట్టి నేల మీద నిలబడినవాడు ఒక విద్యార్థి ప్రశ్నకు ఎందుకు ఉలిక్కిపడాలి? క్యాంపస్‌లో ప్రశ్న అడగనివ్వరని గంట క్రితం ఫిర్యాదు చేసిన నోటితోనే ప్రశ్న అడిగినవాడి డిపార్ట్‌మెంట్ ఆరా తీయడం మన పక్షానికి శోభ కాదు.

కురుసుర జలాంతర్గామి గురించి ఎక్కువ రాయను. విశాఖవాసులకు కొత్త కాదు. 1969లో సోవియట్ దేశంలో మన దళంలో చేరి 31 ఏళ్ళు పనిచేసి, 2001లో విరమించి, 2002లో రామకృష్ణా బీచ్ ఇసుక మీద మ్యూజియంగా స్థిరపడిన 91 మీటర్ల నౌక అది. లోపల వివరించేవారు కూడా మాజీ నావికులే గనుక మన పెద్దాయన అక్కడ వెనక్కి తగ్గి వారికే మాట వదిలిపెట్టడం సంస్కారంగా అనిపించింది. ఒక్క సవరణ మాత్రం అవసరం. ఘాజీ కథ విని నేరుగా కురుసురలోకి దిగిన పిల్లలు దానిని ముంచింది ఈ నౌకే అనుకుంటున్నారు. ఆ యుద్ధంలో కురుసుర గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. ఈ మాట మెట్లెక్కే ముందే చెప్పాలి. రోడ్డుకు అటుపక్కనున్న టీయూ-142 అనే నౌకాదళ గస్తీ విమానం దగ్గర గడిపింది పది నిమిషాలే. 29 ఏళ్ళ సేవలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన విమానాలు అవి. అలాంటి దాని రెక్క కింద ఆ పది నిమిషాలూ ఫొటోలకే పోయాయి.

పత్రికల మీద ప్రసంగం ఆ తరువాత, చెట్టు నీడలో, మూరీ మిక్చర్ పొట్లాలు చేతుల్లో ఉండగా జరుగుతుంది. ఇందులో సగం ఒప్పుకోదగినదే. డిసెంబరు వస్తే మన పత్రికల జిల్లా పేజీల్లో నౌకాదళ విన్యాసాల రంగుల ఫొటో ఒకటి, ట్రాఫిక్ మళ్ళింపుల వివరం ఒకటి తప్ప ఆ రోజు ఎందుకు వచ్చిందో చెప్పే నాలుగు మంచి పేరాలు అరుదు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం కావడానికి కారణం కరాచీ మీద ఆ రాత్రి మన క్షిపణి పడవలు చేసిన దాడి. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే ఆ మూడు పడవల పేర్లు డిగ్రీ చదివినవారిని అడిగి చూడండి. 2008 ముంబయి దాడుల్లో కమాండోల కదలికలను టీవీ ఛానళ్ళు ప్రత్యక్షంగా చూపించడాన్ని సుప్రీంకోర్టు 2012 నాటి కసబ్ తీర్పులో ఎంత తీవ్రంగా తప్పుపట్టిందో పెద్దాయన చక్కగా వివరించారు.

మిగతా సగంతోనే పేచీ. విదేశీ పత్రికలు ఎప్పుడూ మనకు వ్యతిరేకమేనని, 1971లోనూ అంతేనని ఆయన అన్నారు. ఇది చరిత్రకు నిలవదు. తూర్పు బెంగాల్‌లో పాకిస్తాను సైన్యం చేస్తున్న ఘోరాలను ప్రపంచానికి చెప్పింది 1971 జూన్ 13న లండన్ సండే టైమ్స్‌లో వచ్చిన ఆంథొనీ మాస్కరెన్హాస్ కథనం. ఆయన కరాచీలో పనిచేసే పాత్రికేయుడు. పాకిస్తాను సైన్యమే తనకు అనుకూలంగా రాయించుకోవడానికి వెంటబెట్టుకుని తిప్పింది. చూసిన దానిని రాయడం కోసం కుటుంబంతో సహా దేశం విడిచిపోయాడు. ఆ ఏడాది పాకిస్తాను అధ్యక్షుడు యాహ్యాఖాన్‌ను వెనకేసుకొచ్చింది అమెరికాలోని నిక్సన్, కిసింజర్ల ప్రభుత్వం. అప్పుడు కూడా ఢాకాలోని వారి సొంత దౌత్యాధికారి ఆర్చర్ బ్లడ్ తన ప్రభుత్వ వైఖరిని ఖండిస్తూ ఏప్రిల్‌లోనే తంతి పంపాడు. శత్రుదేశపు విలేకరి ధైర్యం వల్ల మన పక్షం నిజమని లోకానికి తెలిసిన సందర్భాన్ని మనమే చెరిపేసుకుంటే ఎలా?

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. పాకిస్తానుతో ఘర్షణ నడుస్తున్న 2025 మే 8 రాత్రి కొన్ని టీవీ ఛానళ్ళు ఇప్పటి కొత్త విక్రాంత్ కరాచీ రేవును ధ్వంసం చేసిందని కేకలు పెట్టాయి. అది జరగలేదు. రక్షణ చర్యలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని సమాచార, ప్రసార శాఖ ఏప్రిల్ చివరలోనే హెచ్చరించినా, స్టూడియోల్లో సైరన్లు మోగాయి. ఆ ఛానళ్ళు వామపక్షానివి కావు. దేశభక్తికి తామే గుత్తేదార్లమని చెప్పుకునేవే అందులో ముందున్నాయి. కరాచీని నిజంగా మండించిన నావికులు 1971లో ఉన్నారు, వారిలో కొందరు ఈ ఊళ్ళో మన పక్క వీధుల్లో పింఛను తీసుకుంటూ బతుకుతున్నారు. జరగని దాడిని చూపించి సంబరం చేసుకోవడం వారి పనికి దక్కిన గౌరవం కాదు, దానికి అంటిన కల్తీ. పత్రికల పక్షపాతం మీద మాట్లాడేవారు ఈ రాత్రిని వదిలేసి మాట్లాడకూడదు. పెద్దాయన వదిలేశారు. ఎవరో గుర్తుచేస్తే, అది ఉత్సాహం కొద్దీ జరిగిందండి, అని దాటేశారు.

యాత్రతో పాటు ఇచ్చే చిన్న పుస్తకం మాట. తెలుగు బాగుంది, అచ్చుతప్పులు తక్కువ, రేవు పటం చాలా ఉపయోగం. 1942 భాగం ఆ యువతి రాసిందేనని చదవగానే తెలుస్తుంది. ఏ సంగతి ఎక్కడ దొరికిందో పేజీ అడుగున రాసింది. చివరి పేజీలు మాత్రం పత్రికలు, విశ్వవిద్యాలయాల మీద తిట్ల దండకం. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి లేవు. తరువాతి ముద్రణలో ఆ పేజీలు తీసేసి ఘాజీ మీద ఉన్న వేర్వేరు కథనాలను పక్కపక్కన అచ్చువేస్తే, ఈ పుస్తకాన్ని బళ్ళలో పంచిపెట్టవచ్చు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. రాస్ హిల్ మెట్లు మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం. వ్యాన్ దగ్గరే ఆగిపోతే మొదటి భాగం మొత్తం పోతుంది గనుక ముందే చెప్పండి, ఆమె కిందనుంచే కొంత చూపిస్తుంది. కురుసుర లోపల దారి ఇరుకు, గుమ్మాలు చిన్నవి, చంటిపిల్లలతో దిగకపోవడం మేలు. మ్యూజియంకు సోమవారం సెలవు. అందువల్ల యాత్రను వేరే రోజుకు మార్చమని అడిగేవారు ఆ రోజు తప్పించండి. వేసవిలో బీచ్ రోడ్డు భాగం పదకొండు దాటాక భరించలేం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళడం మంచిది. డిసెంబరు తొలివారంలో రద్దీ ఎక్కువై వివరణ సగం వినబడదని నిర్వాహకులే చెబుతున్నారు. బడిపిల్లలను బృందంగా తీసుకువెళ్ళే మాస్టర్లు మాత్రం బేరం కుదుర్చుకునేటప్పుడు రెండు షరతులు పెట్టాలి: కొండ మీదా క్యాంపస్‌లోనూ మాట ఆ యువతిదే కావాలి, ఘాజీ దగ్గర పిల్లల ప్రశ్నలకు విడిగా పావుగంట ఇవ్వాలి.